ముందు అత్తయ్యను కూర్చోబెట్టండి

మా బావగారిది ఖమ్మం. పోయిన దసరాకి అక్కావాళ్లింటికి వెళ్తే టీపాయ్ మీద నాలుగు కంపెనీల కార్ల బ్రోషర్లు పరిచి ఉన్నాయి. బావగారు ఏడాదిగా వీడియోలు చూసి చూసి ఏ ఇంజన్‌కి ఎంత టార్క్ ఉందో ఒప్పజెప్పేస్తున్నారు. పెద్దమ్మాయికి సన్‌రూఫ్ కావాలి. అక్కకి తెల్లరంగు బండి కావాలి. మొదట్లో అనుకున్నది తొమ్మిది లక్షలు. బ్రోషర్‌లో పెన్నుతో సున్నా చుట్టిన వేరియంట్ మాత్రం ఆన్ రోడ్ పదమూడు దాటింది.

"కొత్తది తీసుకుందామా, సెకండ్ హ్యాండ్ చూద్దామా? నువ్వు చెప్పు" అన్నారు బావగారు.

"అత్తయ్యని అడిగారా?" అన్నాను.

"అమ్మకి కార్ల గురించి ఏం తెలుసు?"

అత్తయ్యకి డెబ్బై ఒకటి. రెండేళ్ల కింద కుడి మోకాలు మార్పిడి చేయించారు. ఎడమ మోకాలు కూడా అదే దారిలో ఉంది. పాత హ్యాచ్‌బ్యాక్‌లో ఎక్కాలంటే గోతిలోకి దిగినట్టు దిగాలి, దిగాలంటే ఇద్దరు చేతులు పట్టి లేపాలి. ఆ ఇబ్బందికి ఆవిడ సొంత ఊరికి పోవడమే మానేశారు. ఇంట్లో పెద్ద బండి మాట వచ్చిందే ఆవిడ వల్ల. కానీ నలుగురూ కలిసి షోరూంకి వెళ్లిన రెండుసార్లూ ఆవిడని ఇంటి దగ్గరే వదిలేసి వెళ్లారు.

మర్నాడు ఆవిడని తీసుకెళ్లాం. బండి కొనేవాళ్లందరికీ ఈ ఒక్క పూట ఎంత పని చేసిపెడుతుందో చెప్పడానికే ఆ సంగతి ఇక్కడ రాస్తున్నాను.

మొదటి బండి చూడ్డానికి గంభీరంగా ఉంది. వెనక తలుపు తీస్తే గడప ఎత్తుగా, వెడల్పుగా ఉంది. అత్తయ్య కుడికాలిని రెండు చేతులతో ఎత్తి లోపల పెట్టుకోవాల్సి వచ్చింది. రెండో దాంట్లో సీటు అందింది కానీ, దిగేటప్పుడు ముందు సీటుకీ తలుపు స్తంభానికీ మధ్య మోకాలు ఇరుక్కుంది. మూడో బండి సీటు సరిగ్గా ఆవిడ తుంటి ఎత్తున ఉంది. ఆవిడ వీపు బండి వైపు పెట్టి, ముందు కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకున్నారు. పైన పట్టుకోవడానికి పిడి ఉంది. ఎవరి చెయ్యీ పట్టలేదు. "ఇది మన అరుగు మీద కూర్చున్నట్టే ఉందిరా" అన్నారు.

అది ఏ బండో చెప్పను. మీ ఇంట్లో పెద్దావిడ ఎత్తు వేరు, మోకాలు వేరు. మీరూ తీసుకెళ్లి కూర్చోబెట్టి చూడాల్సిందే. కూర్చున్నాక వెంటనే లేపకండి. పావుగంట ఉండనివ్వండి. తొడ కింద సీటు ఆనుతోందా, కిటికీలోంచి బయటకి కనిపిస్తోందా, వెనక ముగ్గురు కూర్చుంటే మధ్యలో ఉన్నవాళ్ల కాళ్ల కింద గుబ్బ అడ్డం వస్తోందా చూడండి. మధ్య సీటుకి మూడు చోట్ల పట్టే బెల్టు, తల ఆనించే దిండు ఉన్నాయో లేదో అప్పుడే చూసుకోండి.

అసలు మేం చూసిన ఈ చిన్న ఎస్‌యూవీలన్నీ నాలుగు మీటర్ల లోపే ఎందుకుంటాయో తెలిస్తే ధరల సంగతి అర్థమవుతుంది. 2006 బడ్జెట్లో కేంద్రం చిన్న కార్లకి ఎక్సైజ్ సుంకం తగ్గించింది. నాలుగు మీటర్లు మించని పొడవు, పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ మించని ఇంజన్ ఉండాలన్నది షరతు. ఆ గీతలోపల ఇమిడేలా కంపెనీలు బండ్లు చేయడం మొదలుపెట్టాయి. జీఎస్టీ వచ్చాక కూడా గీత అదే. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ గీతలోపల ఉన్నవాటికి జీఎస్టీ 18 శాతం, దాటినవాటికి 40 శాతం. పొడవొక్కటే సరిపోదు. నెక్సాన్, బ్రెజా రెండూ 3995 మిల్లీమీటర్ల బండ్లే. నెక్సాన్ పెట్రోల్ ఇంజన్ 1199 సీసీ కాబట్టి 18 శాతంలో ఉంటుంది, బ్రెజా 1462 సీసీ కాబట్టి 40 శాతంలోకి పోతుంది. దాన్నిబట్టి ఒకటి మంచిదని, ఇంకోటి కాదని అనుకోకండి. మీరిచ్చే డబ్బులో బండికెంత, పన్నుకెంత అన్నది తెలిసి ఉంటే చాలు.

ఇంకో మాట కూడా ముందే అనుకోవాలి. ఎస్‌యూవీ అన్న పేరే గానీ, ఈ తరగతిలో దాదాపు అన్నీ ముందు చక్రాలతో నడిచేవే. మామూలు కార్ల కంటే ఎత్తు, కింద జాగా ఎక్కువ. స్పీడ్ బ్రేకర్లకీ, ఊరి మట్టిరోడ్డుకీ, వానలో నిలిచిన నీళ్ల గుంటకీ అది చాలు. వరి కోసిన తడిపొలంలోకి దించితే ట్రాక్టర్ కట్టి లాగించుకోవాలి.

షోరూం నుంచి ఇంటికొచ్చాక బావగారికి పిల్లల నోట్‌బుక్ ఇచ్చి, ఏడాదిలో బండి ఎక్కడెక్కడ తిరుగుతుందో రాయమన్నాను. రోజూ బడికీ ఆఫీసుకీ పోయిరావడం పది కిలోమీటర్లు, మూడొందల రోజులు వేసుకుంటే మూడు వేలు. ఊరికి నెలకి రెండుసార్లు, పోనూ రానూ డెబ్బై. హైదరాబాద్ రెండు నెలలకోసారి, నాలుగొందలు. పెళ్లిళ్లు, భద్రాచలం, రెండేళ్లకోసారి తిరుపతి, అన్నీ కలిపి ఏడాదికి సగటున పన్నెండొందలు. అంతా కూడితే 8,280 వచ్చింది. ఆయన మనసులో మాత్రం ఏడాదికి ఇరవై వేలు తిరుగుతామన్న లెక్క ఉంది. పోయినసారి తిరుపతి ప్రయాణం అంత గట్టిగా గుర్తుండిపోయింది మరి.

ఆ నోట్‌బుక్‌తో పెట్రోలా డీజిలా అన్న గొడవ పది నిమిషాల్లో తేలిపోయింది. లెక్కకోసం పెట్రోల్ లీటరు 107, డీజిల్ 96 అనుకుందాం. ఊరి తిరుగుడులో పెట్రోల్ బండి లీటరుకి 14, డీజిల్ 18 ఇచ్చిందనుకోండి. కిలోమీటరుకి ఏడు రూపాయల అరవై పైసలొకవైపు, ఐదు రూపాయల ముప్పై పైసలొకవైపు. తేడా రెండు రూపాయల ముప్పై పైసలు. డీజిల్ బండి లక్షా ముప్పై వేలు ఎక్కువైతే, ఆ డబ్బు వెనక్కి రావడానికి యాభై ఆరు వేల కిలోమీటర్లు తిరగాలి. బావగారి నోట్‌బుక్ లెక్కన దాదాపు ఏడేళ్లు. రోజూ మండలాలు తిరిగే మెడికల్ రెప్రజెంటేటివ్‌కి అదే డబ్బు మూడేళ్లలోపే వచ్చేస్తుంది. ఇంకోటి కూడా ఉంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ బండ్లకి పొగగొట్టం దారిలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలాలంటే అప్పుడప్పుడూ హైవే మీద వేడిగా పరిగెత్తాలి. బడికీ కూరగాయల మార్కెట్‌కీ మాత్రమే తిరిగే బండిలో అది నిండిపోయి ఖర్చు పెడుతుంది. సీఎన్‌జీ అయితే ముందు మీ ఊళ్లో బంకు ఎంత దూరమో, సిలిండర్ పెట్టాక డిక్కీలో ఎన్ని సంచులు పడతాయో చూడండి.

గేర్ల సంగతి ఎక్కువ చెప్పను. రోజూ కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో ఈదేవాళ్లకి ఆటోమేటిక్ నిజంగా సుఖం. వాటిలో చవగ్గా దొరికే ఏఎంటీ రకం గేరు మారేటప్పుడు చిన్నగా ఊగుతుంది. కొందరికి అది అసలు తెలియదు, కొందరికి కడుపులో తిప్పుతుంది. టెస్ట్ డ్రైవ్ ఒక్కరే వెళ్లి చేయకండి. ఇంటిల్లిపాదీ కూర్చుని, ఏసీ వేసి, ఫ్లైఓవర్ ఎక్కుతూ మధ్యలో ఆపి మళ్లీ కదిలించండి. ఖాళీ బండిలో కనిపించిన పికప్ అక్కడ ఎంత మిగిలిందో చూడండి.

సన్‌రూఫ్ కోసం ఇచ్చే డబ్బుని భద్రత మీద పెట్టమని మాత్రం గట్టిగా చెప్తాను. 2018 చివర్లో నెక్సాన్‌కి గ్లోబల్ ఎన్‌క్యాప్ క్రాష్ టెస్టులో ఐదు నక్షత్రాలు ఇచ్చింది. భారత్‌లో తయారైన కార్లలో ఆ మార్కు కొట్టిన మొదటిది అదే. ఆ తర్వాతే మనవాళ్లు షోరూంలో మైలేజీతో పాటు నక్షత్రాల సంగతీ అడగడం మొదలుపెట్టారు. 2023 అక్టోబర్ నుంచి మన సొంత భారత్ ఎన్‌క్యాప్ నడుస్తోంది. అయితే నక్షత్రాలు పరీక్ష జరిగిన ఏడాది మోడల్‌కే చెల్లుతాయి. పేరొకటే అయినా పాత తరం బండికి కొత్తదాని మార్కులు అంటగట్టకండి. ఎన్ని నక్షత్రాలున్నా, చంటిపిల్లని ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకుంటే వాటివల్ల ఆ పిల్లకి ఒరిగేదేం లేదు. ఎయిర్‌బ్యాగ్ పిల్లమీదే విచ్చుకుంటుంది. ఐసోఫిక్స్ కొక్కేలకి తగిలించే పిల్లల సీటు ఖరీదుని బండి ఖరీదులో భాగంగానే లెక్కేసుకోండి.

ఇప్పుడు బావగారి అసలు ప్రశ్న, కొత్తదా పాతదా. కొత్త బండికి మనమిచ్చే డబ్బులో లైఫ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ అమ్ముకునేటప్పుడు తిరిగి రావు. బండి విలువ కూడా మొదటి మూడేళ్లలో ఎక్కువ జారుతుంది. ఇన్సూరెన్స్ కంపెనీలు ఐడీవీకి, అంటే బండికి కట్టే విలువకి, వాడే పట్టికే చూడండి. ఏడాది లోపు 15 శాతం, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30 తరుగు. రెండున్నర, మూడేళ్ల బండి కొంటే ఆ తరుగంతా మొదటి యజమాని భరించేసి ఉంటాడు. బదులుగా మనం ఒప్పుకునేది కాస్త అనుమానం, కొంచెం తిరుగుడు, ఇంకొంచెం ఎక్కువ వడ్డీ. సెకండ్ హ్యాండ్ బండి మీద అప్పుకి వడ్డీ మామూలుగా ఎక్కువే ఉంటుంది. మెకానిక్ మీద నమ్మకం లేక, బండి ఆగిపోతే ఇంట్లో సర్దుకునేవాళ్లు లేక, పదేళ్లు అదే బండి ఉంచుకుందామనుకునేవాళ్లు కొత్తది కొనుక్కోవడంలో తప్పేం లేదు. పదేళ్లకి పరుచుకుంటే ఆ తరుగు పెద్దగా బాధించదు.

కొత్తదైనా వాయిదాల దగ్గర జాగ్రత్త. ఎనిమిది లక్షలు తొమ్మిది శాతం వడ్డీకి తీసుకుంటే ఐదేళ్లకి నెలకి సుమారు 16,600 కట్టాలి. ఏడేళ్లకైతే 12,900 లోపే. షోరూంలో మీ చెవిన వేసేది ఈ రెండో అంకె. మొత్తం వడ్డీలో మాత్రం దాదాపు 85 వేల తేడా ఉంటుంది. "నెలకెంత" అని మాత్రమే అడిగి లేచి రాకండి. హ్యాండ్లింగ్ చార్జీలని బిల్లులో కనిపిస్తే అవి దేనికో అడగండి. ఇన్సూరెన్స్ బయట ఎంతకొస్తుందో కనుక్కున్నాకే అక్కడ తీసుకోండి. ఆర్‌సీలో బండి తయారైన నెల ఉంటుంది. యార్డులో ఎనిమిది నెలలు ఎండకెండిన బండిని కొత్తదాని ధరకి తీసుకోవాల్సిన పని లేదు. రిజిస్ట్రేషన్‌కి ముందే వెళ్లి బండినీ, చాసిస్ నంబర్నీ చూసుకోండి.

పాత బండి ధర మాట్లాడేటప్పుడు అమ్మేవాళ్లు తమ పాత బిల్లు చూపిస్తారు. దాని జోలికి పోకండి. 2025 సెప్టెంబర్లో పన్ను తగ్గాక అదే మోడల్ కొత్తది ఇవాళ ఎంతకొస్తోందో కనుక్కుని, అక్కడినుంచి కిందికి లెక్కపెట్టండి. రెండేళ్ల పాత బండికీ కొత్తదానికీ మధ్య లక్షన్నరే తేడా ఉంటే కొత్తదే కొనుక్కోవచ్చు. ఇంకో గీత 2023 ఏప్రిల్. అప్పటినుంచి తయారైన పెట్రోల్ బండ్ల భాగాలు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్‌ని తట్టుకునేలా చేశారు. ఇప్పుడు బంకుల్లో పోసేది అదే. అంతకుముందుదైతే మాన్యువల్లో ఏం రాశారో చదివి కొనండి. దగ్గర్లో సర్వీస్ సెంటర్ ఉందో లేదో కూడా చూడండి. సోనెట్ తయారయ్యేది మన పెనుకొండ పక్కన ఎర్రమంచిలో అన్న మమకారం మంచిదే, కానీ మీకు పనికొచ్చేది మీ ఊరికి ఇరవై కిలోమీటర్లలోపు ఉన్న వర్క్‌షాపు. 2021లో ఫోర్డ్ మన మార్కెట్‌కి తయారీ ఆపేశాక ఎకోస్పోర్ట్‌లు చవగ్గా వస్తున్నాయి. అలాంటివి కొనేముందు మీ మెకానిక్‌నే అడగండి, సామాన్లు ఎక్కడ తెప్పిస్తాడో.

బావగారికి మొదట నచ్చిన పాత బండి విజయవాడది. ఖమ్మానికి రెండున్నర గంటల దారి. ధర మార్కెట్ కంటే డెబ్బై వేలు తక్కువ, మీటర్ మీద పద్దెనిమిది వేలు, సింగిల్ ఓనర్. తలుపు తియ్యగానే అత్తరు వాసన గుప్పుమంది. నాకు 2024 సెప్టెంబర్ గుర్తొచ్చింది. అప్పుడు విజయవాడలో బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచాయి, ఇళ్ల ముందు కార్లు అద్దాలదాకా మునిగాయి. వెనక సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా లాగాను. మామూలుగా ఎవరూ అంత దూరం లాగరు. చివర మూరెడు మేర బెల్టు గరుకుగా, టీ మరకలాంటి రంగులో ఉంది, దాని పైన అడ్డంగా సన్నటి గీత. అది నీళ్లు ఆగిన ఎత్తు. సెల్‌ఫోన్ లైటు వేసి సీటు కింద పట్టాలు చూస్తే బోల్టులన్నీ తుప్పు. డిక్కీలో స్టెప్నీ ఎత్తితే ఆ గుంట మూలల్లో ఆరిన రేగడి పెంకులు పెంకులుగా లేచింది. అమ్మే ఆయన తలదించుకుని, "ఇంజన్ మొత్తం చేయించామండీ" అన్నారు. చేయించే ఉంటారు. కానీ ఇవాళ్టి బండిలో తీగలు ఒళ్లంతా ఉంటాయి. ఆ కనెక్టర్లలో చేరిన తడి ఆరు నెలలకో ఏడాదికో ఎయిర్‌బ్యాగ్ దీపమై వెలుగుతుంది. వచ్చేశాం.

ఒకవేళ ఆ బండి బాగున్నా, ఆంధ్ర నంబరుతో తెలంగాణలో ఏడాదికి మించి తిప్పాలంటే అక్కడి ఆర్‌టీఏ నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి, బండి వయసుని బట్టి ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ డెబ్బై వేలు అక్కడే పోయేవి. ఢిల్లీ నుంచి చవగ్గా వచ్చే డీజిల్ బండ్లకీ ఇదే లెక్క.

మిగతా పరీక్షలకి ఎండపూటే వెళ్లండి. వానలో, దీపాల కింద పెయింట్ తేడా కనపడదు. బానెట్ తీసి కీళ్ల దగ్గరి బోల్టుల తలలు చూడండి, స్పానర్ పడ్డ గీతలుంటే అక్కడ విప్పారన్నమాట. కిటికీ అద్దాల మూలల్లో ఉండే గుర్తులు ఒకటి తప్ప మిగతావి ఒకేలా ఉంటే, ఆ ఒకటి ఎందుకు మార్చారో అడగండి. టైరు మీద నాలుగంకెలు ఉంటాయి. 2323 అంటే 2023లో ఇరవై మూడో వారం. పదిహేను వేలే తిరిగిందన్న బండికి టైర్లు అప్పుడే మార్చి ఉంటే, బ్రేకు పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఉంటే మీటర్ వెనక్కి తిప్పారేమో చూసుకోవాలి. షోరూం ట్రాక్ అంటే అమ్మేవాళ్లు చూపించే కాగితం కాదు. కంపెనీ సర్వీస్ సెంటర్‌కి బండి తీసుకెళ్లి అక్కడి కంప్యూటర్లో కిలోమీటర్లు చూడడం. చాలామంది పట్టించుకోని కాగితం ఇన్సూరెన్స్ పాలసీ. క్లెయిమ్ లేకుండా రెండు రెన్యువల్స్ అయిన బండికి నో క్లెయిమ్ బోనస్ 25 శాతం ఉండాలి. సున్నా ఉంటే పోయిన ఏడాది ఏం జరిగిందో అడగండి. ఆ బోనస్ మనిషితో పోతుంది, బండితో రాదు. కాబట్టి ప్రీమియం మీకు కొంత పెరుగుతుంది.

కాగితాల దగ్గర నేను పడ్డ పాట్లు చెప్పాలి. నా మొదటి సెకండ్ హ్యాండ్ కారు మీద బ్యాంకు అప్పు పూర్తిగా తీరిపోయిందని అమ్మినాయన చెప్పారు. తీరింది నిజమే. కానీ ఆర్‌సీలో ఆ బ్యాంకు పేరు అలాగే ఉంది. ఫారం 35 మీద బ్యాంకు సంతకం, ఎన్‌ఓసీ చేతికొస్తేనే అది తొలగుతుంది. బ్రాంచికీ ఆఫీసుకీ తిరుగుతూ నాలుగు నెలలు బండి ఆయన పేరునే ఉండిపోయింది. ఆ నాలుగు నెలల్లో నేను ఎవరినైనా గుద్ది ఉంటే పాపం ఆయన కోర్టు మెట్లెక్కాల్సి వచ్చేది. ఆర్‌సీలో పేరున్నవాళ్లే యజమాని అని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది. మీరు పాత బండి అమ్ముతున్నా ఈ మాట గుర్తుంచుకోవాలి. ఫారం 29, 30 మీద సంతకాలయ్యాక, ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్‌టీఏకి తెలపాలి. ఇన్సూరెన్స్ మన పేరుకి మార్చమని 14 రోజుల్లోపు అడగాలి. పెండింగ్ చలాన్లు చూసి కట్టించాకే మిగతా డబ్బు ఇవ్వండి.

సంక్రాంతి ముందు బావగారికి బండి వరంగల్‌లో దొరికింది. 2023 జూన్‌లో తయారైన పెట్రోల్ మాన్యువల్, ఇరవై ఒక్క వేల కిలోమీటర్లు. అత్తయ్య అరుగు అన్న మోడలే. కంపెనీ వారంటీ ఇంకా కొన్ని నెలలు ఉంది. అమ్మేది రిటైరైన లెక్చరర్, అమెరికాలో కొడుకు దగ్గరికి వెళ్లిపోతున్నారు. సన్‌రూఫ్ లేదు, పెద్దమ్మాయి రెండు రోజులు మాట్లాడలేదు. మిగిలిన డబ్బులో నాలుగు కొత్త టైర్లు, అక్క చిన్నకొడుక్కి పిల్లల సీటు వచ్చాయి. టోకెన్ ఇచ్చేముందు బావగారు రెండో తాళంచెవి అడిగి తీసుకున్నారు. పాత ఫాస్టాగ్ అక్కడే మూయించి అద్దం మీంచి పీకించారు, లేకపోతే మన టోల్ ఆయన ఖాతాలోంచి పోతుంది.

భోగి రోజు పొద్దున అక్క ఫోన్లో వీడియో పంపింది. ఊళ్లో ఇంటిముందు బండి ఆగి ఉంది. తలుపు తెరుచుకుంది, రెండు కాళ్లూ కలిపి బయటకి తిరిగాయి, చెప్పులు నేలకి ఆనాయి. బావగారు చెయ్యి అందించబోతే అత్తయ్య దాన్ని పక్కకి నెట్టి, పైన పిడి పట్టుకుని లేచి నిలబడ్డారు.